మాట పోయి కొయ్యబారిపోయిన చెల్లెలు: క్యాటటోనియా గురించి ఒక అన్నయ్యకు సమాధానం

మీరు రాసింది రెండుసార్లు చదివాను. తెనాలి దగ్గర పల్లె. చెల్లెలికి 21 ఏళ్లు, డిగ్రీ చివరి సంవత్సరం. నెల కిందట నిద్ర తగ్గింది, "నా వల్లే ఇంట్లో అందరికీ కష్టాలు" అని రెండు మూడుసార్లు అంది. పది రోజులుగా మాట లేదు. ఐదు రోజులుగా అన్నం ముట్టలేదు, చెంచాతో పోస్తే గుటకెడు నీళ్లు మాత్రం మింగింది. మంచం మీద కూర్చోబెడితే గంటల తరబడి అలాగే కూర్చుంటోంది. ఊళ్లో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. గుంటూరు తీసుకొస్తే డాక్టరుగారు క్యాటటోనియా అని చెప్పి ఇంజక్షన్ ఇచ్చారు. పావుగంటలో "అన్నయ్యా, దాహం" అంది, రెండు ఇడ్లీలు తింది, సాయంత్రానికి మళ్లీ మామూలే. ఇప్పుడు అడ్మిట్ చేయమంటున్నారు, అవసరమైతే కరెంటు ట్రీట్‌మెంట్ ఇస్తామంటున్నారు. అమ్మగారేమో భయపడి ఇంటికి వెళ్లిపోదామంటున్నారు. ఏం చేయాలి, చేరిస్తే ఎక్కడ చేర్చాలి అని మీ ప్రశ్న.

ఇంటికి తీసుకెళ్లకండి. ఈ రోజే అడ్మిట్ చేయండి. మిగతాదంతా వార్డులో ఆమె పక్కన కూర్చుని తీరిగ్గా చదవండి.

నేను సైకియాట్రిస్టుని. గుంటూరు, విజయవాడల్లో కలిపి ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి పిల్లల్ని, తల్లుల్ని, ముసలివాళ్లని చూస్తున్నాను. మా వైద్యంలో ఇంత భయపెట్టే జబ్బులు తక్కువ. సమయానికి పట్టుకుంటే ఇంత త్వరగా తిరిగి వచ్చే జబ్బులు కూడా తక్కువే. మీ చెల్లెలు దాహమంది చూశారా, ఆ ఒక్క మాటతో సగం ప్రశ్నలకు జవాబు దొరికింది. లోపల మనిషి ఉంది, బయటికి రావడానికి దారి కూడా ఉంది.

ఆ ఇంజక్షన్ పేరు లొరాజెపామ్. మామూలుగా టెన్షన్ తగ్గడానికి, నిద్రకి, ఫిట్స్ ఆపడానికి వాడతాం. అలాంటి మందు ఇస్తే రాయిలా ఉన్న మనిషి లేచి నీళ్లడగడం చూసేవాళ్లకి వింతగా ఉంటుంది. క్యాటటోనియాలో మెదడులో కదలికను నడిపే దారులు బిగుసుకుపోతాయి. లొరాజెపామ్ అక్కడ గాబా అనే రసాయనం పనిని పెంచి ఆ బిగువును సడలిస్తుంది. ఒకటి రెండు మిల్లీగ్రాములు నరానికో కండకో ఇచ్చి, ముందూ తర్వాతా లక్షణాలు లెక్కబెడతాం. నరానికి ఇస్తే కొన్ని నిమిషాల్లోనే తేడా తెలుస్తుంది. దీన్ని లొరాజెపామ్ పరీక్ష అంటాం. అదే పరీక్ష, అదే వైద్యానికి మొదటి మెట్టు. సాయంత్రానికి మళ్లీ అలా అయిందంటే మందు పనిచేయలేదని కాదు, ఒక డోసు బలం అంతవరకే ఉందని. రోజుకు మూడు నాలుగుసార్లు, కొంచెం కొంచెం పెంచుతూ, ఊపిరి, బీపీ చూసుకుంటూ ఇవ్వాలి. కొందరికి రోజుకు ఎనిమిది, పన్నెండు మిల్లీగ్రాముల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఇవి ఇంట్లో ఇచ్చే డోసులు కావు. అడ్మిట్ చేయమనడానికి అదొక కారణం.

రెండో కారణం ఇంకా పెద్దది. కదలని మనిషి కుదురుగా ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఇంట్లో వాళ్లు "ఏమీ గొడవ చేయట్లేదుగా, రెండు రోజులు చూద్దాం" అనుకుంటారు. ఆ రెండు రోజుల్లో లోపల జరిగేది వినండి. పిక్కల్లో రక్తం కదలక గడ్డకడుతుంది, ఆ గడ్డ ఊపిరితిత్తులకు ఎక్కితే ప్రాణం పోవచ్చు. నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోతుంది. మన గుంటూరు ఎండల్లో అది చెప్పనక్కర్లేదు, కిడ్నీల మీద పడుతుంది. మూత్రం ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బినా నొప్పి అని చెప్పదు. ఒకే వైపు పడుకోవడం వల్ల నడుం దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ప్రేమకొద్దీ బలవంతంగా నోట్లో గంజి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. క్యాటటోనియాలో మనుషులు ఎక్కువగా చనిపోయేది వీటివల్లే. కాబట్టి ఈ రోజు నుంచి ఆమె తనంతట తాను మింగుతోందని నర్సు చూసి చెప్పేదాకా నోట్లో ఏమీ పోయకండి. అవసరమైతే ముక్కు ద్వారా పైపు వేస్తారు, అది చూసి కంగారు పడకండి.

ఇంకో మాట. ఐదు రోజులు తినని మనిషికి ఊళ్లో ఆర్‌ఎంపీ చేత వరసగా గ్లూకోజ్ సీసాలు ఎక్కించడం మన వైపు చాలా మామూలు. ఒక్కసారిగా చక్కెర లోపలికి వెళ్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. థయమిన్ అనే బీ విటమిన్ ముందు ఇచ్చి, రక్త పరీక్షలు చూసుకుంటూ ఆహారం మెల్లగా పెంచాలి. మీ ఊళ్లో ఇప్పటికే సీసాలు ఎక్కించి ఉంటే ఎన్ని, ఎప్పుడు అన్నది డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు గుర్తుపట్టడం గురించి. మీరు రాసిన దాంట్లో ఒక వాక్యం దగ్గర ఆగాను: "దిండు తీసేసినా తల కిందికి ఆనలేదు, గాల్లోనే ఉంది." తల కింద దిండు ఉన్నట్టే మెడ గాల్లో నిలిచిపోవడం ఈ జబ్బులో పాతకాలం నుంచీ రాసిపెట్టిన లక్షణం. మీకు తెలియకుండానే సరిగ్గా పట్టుకున్నారు. నటించేవాళ్లు ఎక్కువసేపు అలా ఉండలేరు, మెడ లాగేస్తుంది.

మిగతావి కూడా ఇలాగే పక్కనుండి చూస్తే కనిపించేవే. చెయ్యి పైకెత్తి వదిలితే ఎత్తిన చోటే నిలిచిపోతుంది, వంచుతుంటే మెత్తబడిన మైనం వంచినట్టు ఉంటుంది. కళ్లు తెరిచే ఉంటాయి, రెప్ప వేయడం తగ్గుతుంది. గ్లాసు అందిస్తే చెయ్యి ముందుకు వస్తుంది, సగంలో ఆగుతుంది, వెనక్కి పోతుంది, మళ్లీ వస్తుంది. మీరు చెయ్యి ఎంత బలంగా లాగితే అంతే బలంగా ఎదురు బిగిస్తుంది. "నీ పేరేంటమ్మా" అంటే "నీ పేరేంటమ్మా" అని మీ మాటే తిరిగి వస్తుంది, మీరు తల గోక్కుంటే తానూ గోక్కుంటుంది. మొహం వికారంగా ముడవడం, ఒకే కదలికను పనీపాటా లేకుండా వందసార్లు చేయడం కూడా ఇందులోవే. అమెరికన్ మానసిక వైద్యుల గ్రంథం ఇలాంటివి 12 చెప్పి, మూడు ఉంటే క్యాటటోనియా అనమంటుంది. మేం వార్డులో వాడే బుష్-ఫ్రాన్సిస్ స్కేలు 1996లో వచ్చింది, అందులో 23 అంశాలు. మొదటి 14లో రెండు కనిపిస్తే చాలు, గట్టిగా వెతకాలి. డాక్టరుగారు రోజూ పొద్దున వచ్చి చెయ్యి ఎత్తించి, వంచి, ఏదో కాగితం మీద అంకెలు వేసుకుంటుంటే అది ఇదే.

అందరూ మౌనంగా ఉంటారనీ అనుకోకండి. ఇదే జబ్బులో కొందరు ఉన్నట్టుండి లేచి, కారణం లేకుండా తిరుగుతారు, అరుస్తారు, గోడకేసి కొట్టుకుంటారు. పొద్దున శిలలా ఉన్న మనిషి రాత్రికి అలా మారవచ్చు. మంచం పక్కన ఎప్పుడూ ఒకరు ఉండాలి.

దీనికి క్యాటటోనియా అని పేరు పెట్టింది కాల్‌బామ్ అనే జర్మన్ వైద్యుడు, 1874లో. బిగువు అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన పెద్దలు దీన్ని స్కిజోఫ్రీనియా కింద కలిపేశారు. దాదాపు వందేళ్లు అలాగే చదువుకున్నాం, అలాగే వైద్యం చేశాం. 2013లో అమెరికన్ గ్రంథం, 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ క్యాటటోనియాను స్కిజోఫ్రీనియా నుంచి విడదీసి దాన్ని సరిచేశాయి. ఇది మీకెందుకు చెబుతున్నానంటే, ఎవరో ఒకరు మీతో "అయ్యో, స్కిజోఫ్రీనియానా, ఇక జీవితాంతం ఇంతే" అంటారు. క్యాటటోనియా ఎక్కువగా కనిపించేది డిప్రెషన్, బైపోలార్ లాంటి మూడ్ జబ్బుల్లో. స్కిజోఫ్రీనియాలో, ఆటిజంలో, ప్రసవం తర్వాత కూడా వస్తుంది. మీ చెల్లెలికి ముందు నెలలో పోయిన నిద్ర, "నా వల్లే" అన్న మాటలు డిప్రెషన్ వైపు చూపిస్తున్నాయి. అయితే గతంలో ఎప్పుడైనా పది రోజులపాటు నిద్ర లేకుండా హుషారుగా తిరగడం, ఆగకుండా మాట్లాడటం, డబ్బు విపరీతంగా ఖర్చుపెట్టడం జరిగిందా? అమ్మగారిని అడిగి డాక్టరుకు చెప్పండి. బైపోలార్ అయితే తర్వాత వాడే మందులు మారిపోతాయి.

మనసుకు సంబంధించని కారణాలు కూడా వెతకాలి. మొదటిసారి వచ్చినప్పుడు, అందులోనూ చిన్న వయసులో, ఈ పని చేయకుండా వదలకూడదు. మెదడువాపు, పైకి కనిపించకుండా లోపల నడిచే ఫిట్స్, సోడియం పడిపోవడం, లూపస్, రోజూ వాడే నిద్రమాత్ర ఉన్నట్టుండి మానేయడం ఇలా ఎన్నో. 2007లో గుర్తించిన ఎన్‌ఎండీఏ మెదడువాపు అనే జబ్బు ఉంది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేస్తుంది. ఎక్కువగా పడుచు ఆడపిల్లల్లో వస్తుంది, కొందరికి అండాశయంలో గడ్డ ఉంటుంది, మొదట అంతా పిచ్చిలాగే కనిపిస్తుంది. జ్వరం, తలనొప్పి, ఫిట్స్, నోరూ మొహం వింతగా ఆడటం, మాట ముద్దగా మారడం వీటిలో ఏదైనా గత నెలలో ఉందా? ఉంటే ఆ మాట మొట్టమొదట చెప్పండి. ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష), ఎంఆర్ఐ, అవసరమైతే వెన్ను నీరు పరీక్ష రాస్తే డబ్బు గుంజడానికని అనుకోకండి. వెన్ను నీరు తీస్తే నడుం పడిపోతుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం, అది నిజం కాదు.

రక్త పరీక్షల్లో సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది), ఐరన్ అని రెండు ఉంటాయి. వాటిని చూడనిదే ముందుకు వెళ్లొద్దని నేను పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. పీజీ చదివే రోజుల్లో, నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి మాట లేని కుర్రాణ్ని తెచ్చారు. సైకోసిస్ (లేనివి ఉన్నట్టు వినే, నమ్మే జబ్బు) అనుకుని మేం వరసగా హాలోపెరిడాల్ ఇంజక్షన్లు ఇచ్చాం. మూడో రోజుకి ఒళ్లు కట్టెలా బిగుసుకుంది, జ్వరం 104, చెమటలు, బీపీ పైకీ కిందికీ. కండరాలు కరిగి సీకే వేలల్లోకి పోయింది. మూడు వారాలు ఐసీయూలో ఉండి బతికాడు. చేర్చిన రోజు నేను అతని చెయ్యి ఒక్కసారి ఎత్తి చూసి ఉంటే తెలిసిపోయేది. ఎత్తలేదు. సైకోసిస్‌కు వాడే మందులు క్యాటటోనియాను ముదరబెట్టగలవు, ఒంట్లో నీరు, ఐరన్ తక్కువ ఉన్నవాళ్లలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. అప్పటి నుంచి మాట్లాడని మనిషి ఎవరొచ్చినా ముందు చెయ్యి ఎత్తి చూస్తాను. మీరు ఇంతకుముందు ఎక్కడైనా చూపించి ఉంటే, అక్కడ ఇచ్చిన ప్రతి మాత్ర చీటీ, ఇంజక్షన్ పేరు ఇప్పటి డాక్టరు చేతిలో పెట్టండి. బిగువుతోపాటు జ్వరం, చెమటలు, గుండె దడ మొదలైతే అది నిమిషాల్లో చూడాల్సిన విషయం. రాత్రి రెండు గంటలైనా డ్యూటీ డాక్టరును లేపండి.

కరెంటు ట్రీట్‌మెంట్ దగ్గరికి వస్తాను. అమ్మగారి భయం నాకు అర్థమవుతుంది. సినిమాల్లో కట్టేసి కొట్టినట్టు చూపించారు, పాత రోజుల్లో మత్తు లేకుండా ఇచ్చిన మాట కూడా నిజమే. ఈ రోజు జరిగేది ఇదీ: రాత్రి నుంచి ఏమీ పెట్టరు. పొద్దున థియేటర్‌లో మత్తు డాక్టరు నిద్రపుచ్చుతారు, కండరాలు సడలే మందు ఇస్తారు, ఆక్సిజన్ పెడతారు. కొద్ది సెకన్లు కరెంటు. దాంతో మెదడులో అర నిమిషం నుంచి ఒక నిమిషం దాకా ఫిట్ నడుస్తుంది, బయటికి కాలి వేళ్ల కదలిక తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. పది పదిహేను నిమిషాల్లో కళ్లు తెరుస్తారు. వారానికి రెండు మూడుసార్లు, మొత్తం ఆరు నుంచి పన్నెండు పడవచ్చు. క్యాటటోనియాలో చాలామందికి రెండో మూడో దానికే మాట వస్తుంది. ఆ పూట తలనొప్పి, తికమక ఉంటాయి. ఆసుపత్రి రోజుల జ్ఞాపకాలు, ఆ ముందు కొన్ని వారాలవి చెదిరిపోవచ్చు, కొన్ని తిరిగి రాకపోవచ్చు కూడా. ఇది దాచి చెప్పడం నాకిష్టం లేదు. చదువు, మనుషుల గుర్తు, తెలివి పోవు. తర్వాత డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగాల్లో చేరిన పిల్లల్ని నేను చూశాను.

ఇంకొకటి అమ్మగారికి చెప్పండి. మెదడులో ఫిట్ తెప్పించి నయం చేయాలన్న ఆలోచనను 1934లో బుడాపెస్ట్‌లో మెడునా అనే వైద్యుడు మొదటిసారి అమలు చేసింది క్యాటటోనియాతో ఉన్న రోగి మీదే. అప్పుడు కర్పూరం ఇంజక్షన్ వాడాడు, కరెంటు వచ్చింది 1938లో రోమ్‌లో. తొంభై ఏళ్ల తర్వాత కూడా లొరాజెపామ్‌కు లొంగని క్యాటటోనియాకు, జ్వరంతో ముదిరిన దానికి దీన్ని మించిన వైద్యం మా చేతిలో లేదు.

చట్టం కూడా మీ వైపు ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా ఈసీటీ, అంటే ఈ కరెంటు ట్రీట్‌మెంట్, ఇవ్వడం నిషేధం. అత్యవసరం అన్న పేరుతో సమ్మతి తీసుకోకుండా ఇవ్వడానికీ వీల్లేదు. ఆమె చెప్పలేని స్థితిలో ఉంది కాబట్టి నామినేటెడ్ ప్రతినిధిగా ఇంట్లో ఒకరు సంతకం చేస్తారు. సంతకానికి ముందు మత్తు డాక్టరు ఎవరు, గుండె పరీక్ష చేశారా అని అడగండి. అడిగితే కోప్పడే డాక్టరు దగ్గర సంతకం పెట్టనక్కర్లేదు. ముందు లొరాజెపామ్ సరైన డోసులో కొన్ని రోజులు ఇచ్చి చూస్తారు, చాలామందికి దాంతోనే సరిపోతుంది. జ్వరమో, తిండి పూర్తిగా ఆగిపోవడమో ఉంటే అన్ని రోజులు ఆగరు, ఆగకూడదు.

ఎక్కడ అన్నారు. సైకియాట్రీతోపాటు జనరల్ మెడిసిన్, ఐసీయూ, మత్తు డాక్టరు ఒకే ఆవరణలో ఉన్న చోట. మీకు దగ్గర్లో గుంటూరు జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్, విజయవాడ ప్రభుత్వాసుపత్రి ఉన్నాయి, కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ వసతి ఉంది. లొరాజెపామ్ ఇంజక్షన్ ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందు, అన్ని షాపుల్లో దొరకదు. చేరేముందు ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కోండి. ఖర్చు సంగతి ఆరోగ్యమిత్రను అడగండి. బయలుదేరేలోపు ఆయాసం, జ్వరం, తెలివి తప్పడం ఉంటే 108. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.

తాయెత్తు గురించి మీరు సిగ్గుపడుతూ రాశారు. సిగ్గుపడొద్దు. మాట్లాడే పిల్ల బొమ్మలా అయిపోతే ఏ తల్లయినా తనకు తెలిసిన తలుపులన్నీ తడుతుంది. అమ్మగారు కట్టిన తాయెత్తు చేతికి ఉండనివ్వండి, స్కానింగ్‌లో లోహం కుదరదు కాబట్టి ఆ కాసేపు తీస్తే చాలు. ఆకులు, పసర్లు తాగించడం, పొగ వేయడం, కొట్టడం మాత్రం ఎవరినీ చేయనివ్వకండి.

చివరగా, ఆమెకు అన్నీ వినబడుతున్నాయని అనుకునే మాట్లాడండి. విజయవాడ వన్‌టౌన్ నుంచి ఒకావిడ వచ్చింది, ప్రసవమై ఇరవై రోజులు, నోట మాట లేదు. కోలుకున్నాక మంచం చుట్టూ ఎవరెవరు ఏమన్నారో వరసగా చెప్పింది. అత్తగారు "నాటకాలు" అన్నారట, ఆడపడుచు మాత్రం రోజూ వచ్చి పాపకు పాలు ఎవరు పట్టారో, ఎంత తాగిందో చెప్పి వెళ్లిందట. "కదిలితే పాపకు ఏదో అవుతుందని భయమేసింది డాక్టర్, అందుకే కదల్లేదు" అంది. ఆ రోజుల్లో తాను పట్టుకున్నది ఆడపడుచు మాటల్నేనట. చాలామంది ఇదే చెబుతారు, అంతా తెలుస్తూనే ఉందనీ, భయంతో బిగుసుకుపోయామనీ.

కాబట్టి మంచం పక్కన ఖర్చుల లెక్కలు, పెళ్లి మాటలు, "ఇక ఇంతేనా" అన్న మాటలు వద్దు. ఈ రోజు ఏ వారమో, ఇది ఏ ఆసుపత్రో, అమ్మ ఎక్కడుందో చెప్పండి. సూది గుచ్చేముందు గుచ్చుతున్నారని చెప్పండి. జవాబు రాకపోయినా చెప్పండి. రెండు గంటలకోసారి నర్సు సాయంతో పక్కకు తిప్పండి, కాళ్లు మడిచి చాపండి. ఫోన్‌లో చిన్న వీడియో తీస్తే డాక్టరుకు పనికొస్తుంది, అది చుట్టాల గ్రూపుల్లోకి పోకూడదు. కోలుకుని మాట్లాడటం మొదలుపెట్టాక లొరాజెపామ్ ఒక్కసారిగా ఆపకండి, ఆపితే రెండు మూడు రోజుల్లో మళ్లీ బిగుసుకోవచ్చు. వారాల తరబడి మెల్లగా తగ్గిస్తారు, అడుగున ఉన్న డిప్రెషన్‌కు మందులు ఇంకా చాలాకాలం నడుస్తాయి.

రేపు సీకే, ఐరన్, సోడియం ఎంతొచ్చాయో, ఈఈజీలో ఏమన్నారో, రాత్రి ఎన్నిసార్లు ఇంజక్షన్ ఇచ్చారో, తర్వాత ఎంతసేపు మాట్లాడిందో రాయండి. చూసి చెబుతాను.